మీకు తెలుసా? గేలం పడవ బ్యాటరీ ఆయుష్షు ఒడ్డునే తేలుతుంది

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పదెకరాలు, అంతకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయి. గేలాలతో పడవెక్కినవాళ్లు చేపలున్న చోటికి రాగానే పెట్రోలు ఇంజను ఆపేసి, సన్నని కడ్డీకి బిగించిన కరెంటు మోటారును నీళ్లలోకి దించుతారు. అదే ట్రోలింగ్ మోటారు. చప్పుడుతో చేపల్ని బెదరగొట్టదు, పొగ వదలదు. గాలి వీస్తున్నా పడవను అనుకున్న చోటే నిలుపుతుంది. అమెరికాలో చాలా తాగునీటి జలాశయాల్లో పెట్రోలు ఇంజన్లకు అనుమతే లేదు, అక్కడ మోటారు కావాలంటే ఇదే దిక్కు. దాన్ని నడిపేది బ్యాటరీ. ఆ బ్యాటరీ ఎన్నేళ్లు బతుకుతుందన్నది ఒడ్డుకు వచ్చాక మనం చూపే శ్రద్ధ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

● కారు స్టార్టరే తొలి మోటారు
1934లో నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఏ కారు స్టార్టర్ మోటారుకు కడ్డీ, ప్రొపెల్లర్ తగిలించి తొలి ట్రోలింగ్ మోటారు తయారుచేశారు. ఈ రంగంలో పేరున్న మిన్ కోటా కంపెనీ అలా మొదలైంది. ఇప్పటికీ చాలా పడవల్లో మోటారును తిప్పేది సీసం బ్యాటరీయే. దాన్ని 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే కనిపెట్టారు.

● కారు బ్యాటరీ ఎందుకు పనికిరాదు?
కారు బ్యాటరీ కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజను స్టార్ట్ చేస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. అందుకే అందులో పల్చటి ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. ట్రోలింగ్ మోటారు గంటల తరబడి కరెంటు లాగుతుంది. దానికి మందమైన ప్లేట్లున్న డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. కారు బ్యాటరీని ఈ పనికి పెడితే కొద్ది నెలల్లోనే చతికిలపడుతుంది.

● 100ని 50తో భాగిస్తే 2 రాదు!
55 పౌండ్ల తోపుడు శక్తి ఉన్న 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. అంటే 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు గంటలు రావాలి. కానీ రాదు. కరెంటు ఎంత గబగబా లాగితే సీసం బ్యాటరీ నుంచి మొత్తంగా వచ్చేది అంత తగ్గిపోతుంది. జర్మనీ శాస్త్రవేత్త పాయికెర్ట్ 1897లోనే ఈ లెక్క తేల్చారు. వేగం తగ్గిస్తే అదే బ్యాటరీ చాలా గంటలు నడుస్తుంది.

● వోల్టు మీటరు చెప్పే నిజం
బ్యాటరీని కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 12.6 లేదా 12.7 వోల్టులు చూపాలి. అది నిండు ఛార్జి. 12.2 చూపితే సగం అయిపోయినట్టు. మామూలు సీసం బ్యాటరీని సగానికి మించి వాడకపోతే ఎక్కువ కాలం మన్నుతుంది. ఛార్జర్ తీసిన వెంటనే కనిపించే అంకెను నమ్మకండి. అది కాసేపటికి దిగిపోతుంది.

● ఆ రాత్రే ఛార్జింగ్
బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగదు, ఆ మేరకు సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. సీసం బ్యాటరీలు అర్ధాంతరంగా పాడైపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. అందుకే ఎంత అలసిపోయి వచ్చినా ఇంటికి చేరిన రాత్రే ప్లగ్ పెట్టేయండి.

● మూడు దశల ఛార్జర్
మంచి ఛార్జర్ ముందు కరెంటు ధారాళంగా ఎక్కిస్తుంది. తర్వాత 14.4 నుంచి 14.8 వోల్టుల దగ్గర నిలబెట్టి నెమ్మదిగా నింపుతుంది. చివర 13.5 వోల్టుల దరిదాపుల్లో ఉంచి నిండుదనం తగ్గకుండా చూస్తుంది. సామర్థ్యంలో 10 నుంచి 20 శాతం ఆంపియర్లు మామూలు సీసం బ్యాటరీకి సరిపోతాయి. అంటే 100 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 10 నుంచి 20 ఆంపియర్ల ఛార్జర్.

● నీళ్లు ఎప్పుడు పోయాలి?
మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నింపితే ఛార్జ్ అయ్యేటప్పుడు ద్రవం పైకి లేచి యాసిడ్ బయటికి పొర్లుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోయవచ్చు. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు.

● మూసిన అరలో ప్రమాదం
ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. పడవలో బ్యాటరీ అర మూత తెరిచి ఉంచి ఛార్జ్ చేయండి. క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఛార్జర్ స్విచ్ ఆపేయండి.

● జోడెడ్ల సూత్రం
24 వోల్టుల మోటారుకు రెండు, 36 వోల్టుల మోటారుకు మూడు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుతారు. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి నీరసిస్తే రెండోదీ ఈడ్చలేదు. ఇక్కడా అంతే. అన్నీ ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయసువి కావాలి. వాటిలో ఒకదాని నుంచి మాత్రమే చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌కు కరెంటు తీస్తే అది ముందే అలిసిపోతుంది. ఒక్కో బ్యాటరీని విడిగా ఛార్జ్ చేసే మల్టీ బ్యాంక్ ఛార్జర్ వాడటం మేలు.

● తప్పు బ్యాటరీదే కాకపోవచ్చు
ఛార్జి ఉన్నట్టుండి త్వరగా దిగిపోతుంటే ప్రొపెల్లర్ విప్పి చూడండి. వెనక గేలం దారం చుట్టుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, సీలు తెగి లోపలికి నీరు చేరవచ్చు. సన్నని కేబుళ్లు, తెల్లగా పూసిన టెర్మినళ్లు కూడా శక్తిని తినేస్తాయి. వంటసోడా కలిపిన నీళ్లతో టెర్మినళ్లు తుడిచి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి.

● చలీ, ఎండా రెండూ శత్రువులే
నిండు ఛార్జి ఉన్న బ్యాటరీ సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినదైతే సున్నాకు ఏడెనిమిది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులుతుంది. అందుకే మిన్నెసోటా చలికాలానికి ముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి దాచాలి. టెక్సస్ ఎండల్లో కథ వేరు. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

● లిథియానికి వేరే పథ్యం
లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు సీసం దానిలో సగంకన్నా తక్కువే. సామర్థ్యాన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అయితే గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయకూడదు, లోపలి సెల్స్ దెబ్బతింటాయి. దీనికి తగిన ఛార్జరే వాడాలి. నెలల తరబడి దాచేటప్పుడు సీసం బ్యాటరీని నిండుగా ఉంచితే, దీన్ని సగం ఛార్జితో ఉంచాలి.

● సిమెంటు నేల భయం
బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందనే నమ్మకం చెక్క, రబ్బరు పెట్టెల కాలం నాటిది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదు. ఎక్కడ పెట్టినా సీసం బ్యాటరీ తనంతట తాను నెలకు కొంత ఛార్జి కోల్పోతుంది. కాబట్టి నెలకోసారి చూసుకోవాలి.

టెక్సస్‌లోనో మిన్నెసోటాలోనో పడవ కొనుక్కున్న మన తెలుగువారికి ఈ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. ఇక్కడ మన ఇళ్లలోని ఇన్వర్టర్ కింద ఉండేదీ చాలావరకు ఇదే సీసం బ్యాటరీ. డిస్టిల్డ్ వాటర్, గాలి ఆడే చోటు, శుభ్రమైన టెర్మినళ్లు దానికీ అవసరమే. కాలం తీరాక మాత్రం చెత్తలో పడేయకండి. సీసం విషం, యాసిడ్ నేలను కాలుస్తుంది. పాత బ్యాటరీని దుకాణానికే తిరిగి ఇవ్వండి. అందులోని సీసం కరిగి కొత్త బ్యాటరీ అవుతుంది.