తప్పు ఒకచోట, మొర మరోచోట

ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న వేంసూరు నుంచి ఇంటర్నెట్‌లో ఒక దరఖాస్తు హైదరాబాదు చేరాలంటే, మధ్యలో ఎన్నో రౌటర్లు దానికి దారి చూపాలి. వేర్వేరు నెట్‌వర్కుల రౌటర్లు తమకు తెలిసిన దారులను ఒకదానికొకటి చెప్పుకునే భాష బీజీపీ. కిర్క్ లాహీడ్, యాకోవ్ రెఖ్తర్ 1989లో భోజనాల బల్ల దగ్గర న్యాప్‌కిన్ల మీద గీసుకున్న నమూనా దానికి మూలం. అందులో పరిచయానికి, దారుల సమాచారానికి, బతికే ఉన్నానని తెలపడానికి వేర్వేరు సందేశాలున్నాయి. దోషాన్ని ప్రకటించేది నోటిఫికేషన్. దాని చరిత్ర పరిశీలిస్తే ఒకటి స్పష్టమవుతుంది: ఎర్రర్ చూపించిన రౌటరే చెడిపోయిందని తీర్మానించకూడదు.

2010 ఆగస్టు 27న జరిగినదే ఇందుకు గట్టి సాక్ష్యం. యూరప్‌లో ఇంటర్నెట్ చిరునామాలు కేటాయించే రైప్ ఎన్‌సీసీ, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి, కొత్త లక్షణం ఒకటి జోడించిన దారిని ప్రయోగంగా ప్రకటించారు. ప్రకటన నిబంధనల ప్రకారమే ఉంది. కొన్ని సిస్కో రౌటర్లు సాఫ్ట్‌వేర్ లోపంవల్ల దాన్ని చెడగొట్టి ముందుకు పంపాయి. తాము చెడగొట్టినట్టు వాటికి తెలియదు; ఆ దోషాన్ని పట్టుకున్నవి పొరుగు రౌటర్లు. అవి అప్పటి నియమం ప్రకారం నోటిఫికేషన్ పంపి సంబంధమే తెంచుకున్నాయి. ప్రయోగాన్ని అరగంటలోపే ఆపేసినా, ఈలోగా ఇంటర్నెట్ దారుల్లో సుమారు ఒక శాతం దెబ్బతిన్నాయి.

నమ్మలేని సమాచారం వస్తే తెంచుకోవడమే క్షేమం కదా అని అడగవచ్చు. అందులో న్యాయం ఉంది. తప్పుడు దారి పట్టిన డేటా గమ్యం చేరకుండా రౌటర్ల మధ్యే తిరగవచ్చు. అయితే చెడిన ఒక్క దారి కోసం మంచి దారులన్నిటినీ వదులుకుంటే నష్టమే ఎక్కువ. అందుకే 2015లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7606 ఆ నియమాన్ని సవరించింది. చాలా దోషాల్లో ఆ ఒక్క దారినే రద్దయినట్టు లెక్కించి సంబంధం నిలుపుకోవాలి. ఏ దారి చెడిందో కూడా పోల్చుకోలేనప్పుడు తెంచుకోవాలి.

మరమ్మతుకూ ఇదే వివేకం కావాలి. ‘హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్’ అన్న సందేశానికి అర్థం, గడువులోగా పొరుగు రౌటరు నుంచి కబురు అందలేదని మాత్రమే. ఆ గడువు 90 సెకన్లు ఉండవచ్చని బీజీపీ ప్రమాణం సూచిస్తుంది. ఫైబర్ తెగి ఉండవచ్చు, అవతలి ప్రాసెసర్ మీద భారం పెరిగి ఉండవచ్చు, పెద్ద ప్యాకెట్లు మధ్యలోనే పోతుండవచ్చు. రీస్టార్ట్ చేస్తే సేవ త్వరగా తిరిగి వస్తుందన్న వాదన ఉంది. కానీ కారణం మిగిలి ఉంటే ఎర్రర్ మళ్ళీ వస్తుంది, విడిగా భద్రపరచని ఆధారాలు పోతాయి. కాబట్టి ముందు రెండు చివరల లాగ్‌లూ దాచి, సమయాలు సరిపోల్చి, కేబుల్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అంచె పరీక్షించాలి. ఈ అవసరం ఇప్పుడు పల్లెలకూ ఉంది: పంచాయతీలకు ఫైబర్ చేర్చే పథకానికి 2011లో ఆమోదం లభించింది. అదే నేటి భారత్‌నెట్. ఆ తీగ వెళ్ళిన ప్రతి జిల్లాలోనూ ఎర్రర్‌ను ఇలా ఓపిగ్గా చదవగలవారిని తయారు చేసుకోవడం, తీగ వేయడమంత ముఖ్యమైన పని.