లాడం తీసిన తరువాతి ఏడాది

స్వారీ గుర్రానికి లాడాలు ఊడదీయడం కొద్దిసేపటి పనే అయినా, ఆ గిట్టలు లాడం లేకుండా నేలను తట్టుకునే స్థితికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. మనిషి గోరు వలె కెరటిన్‌తో ఏర్పడే గిట్ట గోడ, అంటే బయటికి కనిపించే గట్టి కవచం, పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టి నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే కిందికి దిగుతుంది గనుక, ముందుభాగంలో అది నేలను చేరేసరికి 9 నుంచి 12 నెలలు గడుస్తాయి.

బండి ఎద్దులకు లాడాలు కొట్టించిన తెలుగు రైతులకు వాటి అవసరం తెలిసినదే: గట్టి బాటపై గిట్ట పెరిగే దానికన్నా వేగంగా అరుగుతుంది. అయితే గిట్ట తాను తిరిగే నేలను బట్టి గట్టిపడుతుందన్న ఎరుక కూడా పాతదే. మేకులతో బిగించే లాడాలు ఐరోపాలో విస్తృతంగా వాడుకలోకి రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే, క్రీ.పూ. 4వ శతాబ్దంలో, గ్రీకు రచయిత జెనోఫోన్ గుర్రం నిలిచే ఆవరణలో పిడికిలంత గుండ్రాళ్లు పరచమని తన అశ్వవిద్యా గ్రంథంలో సూచించాడు.

గిట్ట అడుగున మధ్యలో త్రికోణాకారంగా, రబ్బరు వలె సాగే భాగాన్ని ఫ్రాగ్ అంటారు; దాని పైన, మడమ లోపల కొవ్వు, పీచు కణజాలంతో కూడిన మెత్త ఒకటి ఉంటుంది. గుర్రం మడమను ముందుగా ఆనించి అడుగు వేసినప్పుడు ఈ రెండూ అదురును గ్రహిస్తాయి, ఆ వాడకం వల్లనే బలపడతాయి. నొప్పి ఉన్న గుర్రం మడమను కాపాడుకుంటూ గిట్ట కొనను ముందు ఆనిస్తుంది కనుక, బలపడవలసిన భాగానికే పని దొరకదు. కొన్నాళ్లు కుంటితే అదే అలవాటు పడుతుందని గుర్రాన్ని రాళ్లపై నడిపించడం, అందుచేత, క్రూరమే గాక నిష్ఫలం కూడా.

లాడాలు తీయడానికి ముందు పశువైద్యుడి చేత ఎక్స్‌రే తీయించి అరికాలి మందాన్ని, లోపలి ఎముక స్థితిని తెలుసుకోవడం మంచిది. మేత మరింత ముఖ్యం. ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు వాచే లామినైటిస్ అనే వ్యాధికి చక్కెర, పిండిపదార్థాలు ఎక్కువైన మేత ఒక ప్రధాన కారణం. అది స్వల్పంగా ఉన్నా గుర్రం గులకరాళ్లపై జంకుతుంది, అటువంటప్పుడు గిట్టను చెక్కడంలో ఎంత నైపుణ్యం చూపినా ప్రయోజనం ఉండదు.

లాడం తీసిన రోజున మేకుల రంధ్రాలున్న అంచు పెచ్చులూడకుండా ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తారు గాని, లాడం కొట్టడానికి సిద్ధం చేసినట్టు అరికాలిని కత్తితో పలుచన చేయరాదు. ఆపై 4 నుంచి 6 వారాలకొకసారి అంచు సరిచేస్తూ, మెత్తని నేల నుంచి చదునైన బాటకు, చివరగా కంకరకు నడకను పెంచుతారు. స్వారీ వేళ తొడిగి తరువాత విప్పేసే రబ్బరు అడుగు బూట్లు ఈ దశలో గొప్ప ఆసరా. అడుగులు పొట్టిపడినా, గుర్రం బాట విడిచి గడ్డి అంచుకు జరుగుతున్నా, గిట్ట వెచ్చబడినా పనిని తగ్గించవలసిందే.

2021లో టోక్యో ఒలింపిక్స్ జట్టు జంపింగ్‌లో స్వర్ణం గెలిచిన స్వీడన్ గుర్రాలు మూడింటిలో రెండు, కింగ్ ఎడ్వర్డ్, ఆల్ ఇన్, లాడాలు లేకుండానే దూకాయి. ఆ విజయం ఉన్నత స్థాయి క్రీడకు లాడం తప్పనిసరి కాదని చాటింది. అయితే ప్రత్యేకంగా సిద్ధం చేసిన ఇసుక మైదానంలోని ఫలితాన్ని రోజూ కంకరదారిలో తిరిగే గుర్రానికి అన్వయించడం తగదు. అరికాలు పలుచగా ఉండి, ఎంత జాగ్రత్త తీసుకున్నా నొప్పి తగ్గని గుర్రాలకు తిరిగి లాడాలు వేయవలసి వస్తుంది. నిలబడిన గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లపైనే పడుతుంది కనుక, కొన్నిటికి ఆ రెండింటికి మాత్రమే లాడాలు కొట్టి వెనుకకాళ్లను వట్టిగా వదిలేస్తారు.