బోరుబావిలో బిడ్డ – టెలివిజనులో మృత్యువు

ప్రాణము పోవుచున్నవాని చెంత పెద్దగా మాటాడుట మన పెద్దలు సహింపలేదు. పసిపిల్లలను ఆవలికి పంపివేసిరి. ప్రాణము పోయిన పిమ్మట దేహముపై వస్త్రము కప్పిరి. ఇది భయముచేత ఏర్పడిన ఆచారము కాదు. మృత్యుముఖమున నున్నవాడు నిస్సహాయుడనియు, వానిని తేరిపార చూచు హక్కు పరులకు లేదనియు ఎరిగిన మర్యాద. ఈ మర్యాదకు టెలివిజను యుగములో చోటున్నదా యని నేడు ప్రశ్నించుకొనవలసి యున్నది.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల వారికిది దూరపు ప్రశ్న కాదు. కంభము చెరువువంటి వాని క్రింది ఆయకట్టు తప్పినచో, ఈ మెట్టసీమలో సేద్యము చాలవరకు బోరులమీదనే యాధారపడి యున్నది. ఒకటి ఎండిన మరియొకటి, అదియు ఎండిన వేరొకటి. నీరు పడని గుంత నోరు తెరచుకొని పొలములోనే మిగులును. ఆరున్నర అంగుళముల ఆ రంధ్రము పెద్దవారి కంటికి ఆనదు. పసిబిడ్డను మ్రింగుటకు అది చాలును.

2017 జూన్ 22వ తేది సాయంకాలము రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలము ఇక్కారెడ్డిగూడెమున రెండేండ్లయిన నిండని ఆడుశిశువు అట్టి బోరుబావిలో పడెను. 25వ తేది ఉదయమున ఆ ప్రయత్నము విషాదముతో ముగిసెను. నడుమ గడచిన కాలమంతయు తెలుగు వార్తాప్రసారములు ఆ పొలమును వదలలేదు. యంత్రముల రొదయు, తల్లిదండ్రుల రోదనమును గంటగంటకు మన ఇండ్లలోనికి వచ్చెను. మనమును భోజనముల నడుమ చూచితిమి.

ప్రసారమువలన అధికారులు మేల్కొందురనియు, సహాయము త్వరపడుననియు వాదించువారు కలరు. ఆ వాదములో సత్యము లేకపోలేదు. అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదిన మనకు పొరుగుననున్న వినుకొండ మండలము ఉమ్మడివరమున రెండేండ్ల బాలుడు బోరుగుంతలో పడగా, ప్రక్కనే సమాంతరముగ గొయ్యి త్రవ్వి, తెల్లవారకమునుపే సజీవునిగా వెలికితీసిరి. తెలుగునేలయంతయు ఊరట చెందెను. కాని ఒక్క మాట ఆలోచింపుడు. ప్రత్యక్షప్రసారము మొదలుపెట్టునప్పుడు అది ఉమ్మడివరమగునో ఇక్కారెడ్డిగూడెమగునో ఎవ్వరికిని తెలియదు. ముగింపు తెలియక మునుపే బిడ్డ ప్రాణమును జనుల కుతూహలమునకు పందెముగ ఒడ్డుటయే యగును. బిడ్డ బ్రతికిన ఆ దోషము కానరాదు, చనిపోయిననే కానవచ్చును.

కెమేరా వచ్చినంతమాత్రమున సహాయము వచ్చునను నమ్మకమును సర్వత్ర నిలువదు. 1985 నవంబరు 13న కొలంబియా దేశమున అగ్నిపర్వతము ప్రేలి ఆర్మెరో పట్టణము బురదలో మునిగిపోయెను. ఒమైరా సాంచెజ్ అను పదుమూడేండ్ల బాలిక శిథిలముల నడుమ కంఠము లోతు నీటిలో చిక్కుకొని, మూడు దినములు పోరాడి 16వ తేదిన మరణించెను. ఆమె ముఖమును లోకమునకు చూపిన కెమేరాలు అచటికి చేరినవి. నీరు తోడు యంత్రము మాత్రము వేళకు చేరలేదు.

అట్లని మృత్యుదృశ్యమును సర్వదా దాచవలెనని మేము చెప్పుట లేదు. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ పోలీసు మోకాలి క్రింద ప్రాణము విడిచినప్పుడు, అది అనారోగ్యమువలన కలిగిన మరణమన్నట్లు పోలీసులు తొలుత ప్రకటించిరి. దారిన పోవు పదునేడేండ్ల బాలిక తీసిన చిత్రమే ఆ యసత్యమును బయటపెట్టెను. మరుసటి సంవత్సరము ఆ యధికారి దోషియని తీర్పు వచ్చెను. బలవంతుడు దాచదలచిన నేరమును బయటపెట్టుటకు దృశ్యము తప్పనిసరి కావచ్చును. గుంతలోని బిడ్డ విషయములో దాచబడిన నేరమేదియు ఆ ముఖమున లేదు. అది గుంత మూతిలో నున్నది. చూపవలసినది ఆ మూతిని.

నియమములు లేకపోలేదు. 1995 నాటి కేబుల్ టెలివిజను చట్టము క్రింద ప్రసారనియమావళి యున్నది. ప్రమాదములను, మరణములను, రక్తసిక్తదేహములను దగ్గరనుండి చూపుట తగదని కేంద్ర సమాచార ప్రసారశాఖ 2023 జనవరి 9న టెలివిజను సంస్థలన్నిటికిని హితవు చెప్పెను. అయినను నియమము కాగితముపై నుండి చేయగలిగినది కొంచెము. రక్షించువారి శ్రమను చూపుడు, బిడ్డను చూపకుడు; వార్తను చెప్పుడు, తల్లి ముఖమున కెమేరా నిలుపకుడు. ఈపాటి విచక్షణ సంపాదకునికి స్వతఃసిద్ధముగ ఉండవలెను.

దోషము ప్రసారకులది మాత్రమే కాదు. తెరుచుకొనియున్న బోరులనుగూర్చి సుప్రీముకోర్టు 2010 ఫిబ్రవరి 11ననే స్పష్టముగ ఆజ్ఞాపించెను. బోరు వేయుటకు పదునైదు దినములు ముందుగ అధికారులకు వ్రాతమూలకముగ తెలుపవలెను. కేసింగు గొట్టము చుట్టును నేలపై 30, నేలలో 30 సెంటీమీటర్ల సిమెంటు దిమ్మె కట్టవలెను. గొట్టమునకు ఇనుపపలకను వెల్డింగు చేయించియో, గట్టి మూతను బోల్టులతో బిగించియో యుంచవలెను. మోటారు మరమ్మతుకు తీసినప్పుడును తెరచి విడువరాదు. పనికిరాని గుంతను అడుగునుండి నేలమట్టము వరకు మట్టితోను, ఇసుకతోను, రాళ్లతోను పూడ్చవలెను. లక్షలు పోసి బోరు వేయించిన భూస్వామికి ఒక మూత బరువా? ఆ పొలము గట్టున ఆడుకొనునది తరచుగ కూలివారి బిడ్డయే గదా!

మన రైతు సోదరులకు మేము చేయు విన్నపమిది. క్రొత్త బోరు బండిని పిలుచుటకు మునుపు పాత గుంతలను లెక్కించి పూడ్పింపుడు. ప్రసారసంస్థలవారిని కోరునదియు ఒక్కటే. బిడ్డ చనిపోయిన మరునాడు మీ వాహనములు వెడలిపోవుచున్నవి. మూడు నెలల పిమ్మట మరల రండు. ఆ చుట్టుప్రక్కల గ్రామములలో ఎన్ని గుంతలు మూయబడినవో, ఎన్ని తెరచియున్నవో చూపుడు. ఆ దృశ్యమును ఎన్నిమారులు చూపినను ఎవ్వరి మర్యాదకును భంగము లేదు.