ఆఫీసులో చెప్పేశాక

నిజామాబాద్‌లో ముప్పైకి దగ్గరపడి ఇంకా పెళ్లి కాని ఉద్యోగికి మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి ఓ సంబంధం వస్తుంది. ఆర్మూర్‌లో పిల్ల ఉంది, బీటెక్ చదివింది, అన్న దుబాయిలో ఉన్నాడు అంటారు. ఈ వారం కాదంటే వచ్చే వారం బోధన్ పిల్ల ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. అందుకే తప్పించుకోవడం కష్టం. ఇలాంటి చోట గే యువకుడైనా, లెస్బియన్ యువతి అయినా ఆఫీసులో తమ విషయం బయటపెట్టేది చాలాసార్లు ఈ సంబంధాల పోరు పడలేకే. ఏళ్ల తరబడి సాకులు చెప్పి చెప్పి, చివరికి ఒకరోజు దగ్గరి మనిషి అనుకున్న సహోద్యోగితో "అన్నా, నాకు ఆడపిల్లల మీద మనసు లేదు, ఇగ సంబంధాలు తేకు" అని ఒక్క మాట అంటారు.

ఆ మాట డ్యూటీ దిగేలోపే నలుగురికి చేరుతుంది. మర్నాడు ఎదురుగా ఎవరూ తిట్టరు. టీకి పిలవడం మానేస్తారు. రోజూ భుజం మీద చెయ్యి వేసే దోస్తు కాస్త ఎడంగా కూర్చుంటాడు. వెనక నుంచి "తేడా" అనో "పాయింట్ ఫైవ్" అనో వినబడుతుంది. ఆఫీసు గ్రూపులో ఓ సినిమా కామెడీ క్లిప్పు పడుతుంది, దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. నైట్ డ్యూటీకి తోడు వేస్తే "వానితోని నేనుండ" అంటాడు ఒకడు. విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ పెద్ద నేరంలా కనబడదు. అన్నీ కలిపి మూడు నెలలు భరించమంటే ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ బస్సెక్కాలనిపిస్తుంది. ఈ వ్యాసం అలా వెళ్లలేనివాళ్ల కోసం, వెళ్లదలచుకోనివాళ్ల కోసం.

పెద్ద నగరంలో, పెద్ద కంపెనీలో ఇచ్చే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. దానికి కారణం ఈ ప్రాంతపు ఉద్యోగాల తీరులోనే ఉంది. 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. చెరకు రైతుల కష్టం, కార్మికుల బకాయిల గోడు అందరికీ తెలిసినవే. వాటితోపాటు ఇంకొకటి కూడా పోయింది. ఆ పెద్ద ఫ్యాక్టరీలో యూనియన్ ఉండేది, పని నియమాలు రాసిపెట్టిన స్టాండింగ్ ఆర్డర్స్ ఉండేవి. 500 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని చట్టమే చెప్పేది. అక్కడ గే కార్మికుడికి గౌరవం దొరికేదని నేననను. తోటివాడు వేధిస్తే కాగితం ఇవ్వడానికి ఒక బల్ల, దాని వెనక ఒక మనిషి ఉండేవారని మాత్రం అంటాను. ఇప్పుడు బోధన్ యువకుడికి దొరికే పని రైసుమిల్లులో, ప్రైవేటు స్కూల్లో, ఫైనాన్స్ ఆఫీసులో, నిజామాబాద్ ఖలీల్‌వాడీ ఆస్పత్రుల్లో. చాలాచోట్ల సేటు మాటే చట్టం.

పైగా పక్క సీటు మనిషి మీ మేనమామతో కలిసి చిట్టీ వేస్తుంటాడు. అతని భార్య మీ వదినకు క్లాస్‌మేట్ అయి ఉంటుంది. అందుకే నా గట్టి అభిప్రాయం ఒకటి చెబుతాను. ఈ ఊళ్లలో ఆఫీసులో చెప్పడమంటే ఇంట్లో చెప్పడమే, కాకపోతే మీ నోటితో కాకుండా ఇంకొకరి నోటితో. ఇంట్లో అక్కో, తమ్ముడో, ఎవరో ఒకరికి మీరే ముందు చెప్పుకోగలిగితే ఆఫీసు పుకారుకు సగం బలం పోతుంది. "మీ ఇంట్లో చెప్తా" అనే బెదిరింపుకు అప్పుడు విలువుండదు. అలాంటి మనిషి ఎవరూ లేకపోతే, జీతం మీద ఇల్లు గడుస్తుంటే, చెప్పకుండా ఉండటం పిరికితనం కాదు. మీ సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం.

"పోలీసులకు చెప్తా" అనే మరో బెదిరింపు ఉంది. ఈ నేల మీద ఆ భయానికి పాత మూలాలున్నాయి. నిజామాబాద్ నిజాం రాజ్యంలో ఉన్న 1919లో ఓ చట్టం వచ్చింది. ట్రాన్స్‌జెండర్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించడానికి, ఆడవేషంలో బజార్లో కనబడితే వారంటు లేకుండా పట్టుకెళ్లడానికి అది వీలిచ్చింది. రాజ్యం పోయినా ఆ చట్టం కాగితం మీద మిగిలే ఉండింది. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. ఇష్టపడిన ఇద్దరు మేజర్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 377 సెక్షనే లేదు. కాబట్టి మీరు నేరస్థులు కారు. మీ విషయం బయటపెడతానని భయపెట్టి డబ్బు గుంజేవాడే నేరస్థుడు. న్యాయ సంహిత 308వ సెక్షన్ అతని కోసమే ఉంది.

సర్కారు నౌకరీ అయితే ఇంకొంచెం ధైర్యంగా ఉండొచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్‌లో ఒక హోంగార్డు తన పురుష భాగస్వామితో ఉన్న వీడియో బయటికొచ్చిందని 2019లో ఉద్యోగం తీసేశారు. 2021 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి మళ్లీ డ్యూటీలోకి తీసుకోమంది. ఎవరిని ప్రేమించాలన్నది వ్యక్తిగత విషయమని, దాన్ని తప్పుడు నడతగా చూపడం 2018 తీర్పుకు విరుద్ధమని చెప్పింది.

ప్రైవేటులో ఆ దారి సులువు కాదు. డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలో చదివే విద్యార్థిని గే అని వేధిస్తే 2016 యూజీసీ నిబంధనల సవరణ ప్రకారం అది ర్యాగింగ్. అదే విద్యార్థి పట్టా పుచ్చుకుని నిజామాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగంలో చేరిన రోజు ఆ రక్షణ పోతుంది. గే, లెస్బియన్ అన్న కారణంతో ప్రైవేటు ఉద్యోగిపై వివక్ష చూపకూడదని నేరుగా చెప్పే చట్టం మన పార్లమెంటు ఇంతవరకు చెయ్యలేదు. అమెరికాలో మన పిల్లలు పనిచేసే కంపెనీలకు ఆ దేశపు సుప్రీంకోర్టు 2020లోనే ఆ నియమం పెట్టింది. ఇక్కడ ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకైతే 2019 చట్టం ఉంది. ఉద్యోగంలో వివక్ష కుదరదు, ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలి అంటుంది.

చట్టం ఉన్నా కష్టం తప్పదనడానికి మన పొరుగునే ఉదాహరణ ఉంది. డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివారు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడేళ్లు పనిచేశాక, ట్రాన్స్ మహిళ అని తెలిసి, రోగులు రావడం తగ్గుతుందని తనను తీసేశారని ఆమె చెప్పారు. 2022 చివర్లో ఆమె, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆస్పత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. "గిరాకీ పోతది" అన్న ఈ వాదన నిజామాబాద్ సేటు నోటా వినబడుతుంది. జ్వరంతో వచ్చిన మనిషికి కావలసింది రోగం పట్టుకోగల డాక్టరు. ఆ మనిషి పేరు చెప్పి యజమాని తన భయాన్ని దాచుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రత్యేక చట్టం లేనిచోట ఏం చేయాలి? ఫిర్యాదు మీరెవరన్న దాని మీద కాక, అవతలివాడు ఏం చేశాడన్న దాని మీద నిలబెట్టాలి. మొదటిసారి మాట పడినప్పుడే, నలుగురూ వింటుండగా, గొంతు పెంచకుండా చెప్పండి: "నా పనిల తప్పుంటే చెప్పన్నా, ఇంటా. నా సొంత సంగతి మీద నవ్వులాట మాత్రం వద్దు." అంతే. వాదన పెట్టుకోవద్దు. "ఎప్పటిసంది ఇట్ల?" అనే ఆరాలకు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఆగకపోతే కాగితం రాయండి. అది ఇలా ఉండాలి:

"ఫలానా తేదీ ఉదయం పదకొండు గంటలకు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఫలానా ఉద్యోగి ఇద్దరు కస్టమర్ల ముందు నన్ను ఫలానా మాట అన్నాడు. అప్పుడు క్యాషియర్, స్టోర్ ఇన్‌చార్జి అక్కడే ఉన్నారు. అదే రోజు రాత్రి ఆఫీసు గ్రూపులో నన్ను ఉద్దేశించి ఒక వీడియో పెట్టాడు. స్క్రీన్‌షాట్ జతచేశాను. అంతకుముందే వద్దని చెప్పాను. దీనివల్ల నా డ్యూటీకి ఆటంకం కలుగుతోంది. తగిన చర్య తీసుకోవాలని మనవి."

ఇందులో మీరు గే అనో కాదనో ఒక్క అక్షరం లేదు. అవసరమూ లేదు. తోటి ఉద్యోగిని కస్టమర్ల ముందు అవమానించడం ఏ సంస్థలోనైనా క్రమశిక్షణ తప్పడమే. ఆ మాట ఎవరిని అన్నా తప్పే. అవతలివాళ్లు చర్చను మీ పడకగది వైపు లాగాలని చూస్తారు, మీరు మళ్లీ మళ్లీ బిల్లింగ్ కౌంటర్ దగ్గరికి తీసుకురావాలి. రెండు ప్రతులు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. స్క్రీన్‌షాట్లు, హాజరు, జీతం చీటీలు, మీ పని బాగుందన్న మెసేజీలు ఆఫీసు కంప్యూటర్‌లో కాక సొంత మెయిల్‌లో దాచుకోండి.

ఎందుకంటే తర్వాత "పని సరిగ్గా చెయ్యట్లేదు" అని తీసేయవచ్చు. ఇక్కడ షాపుల్లో, చిన్న సంస్థల్లో పనిచేసేవాళ్లకు తెలియని రక్షణ ఒకటుంది. మన దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా తీసేయకూడదు, నెల ముందు నోటీసో నెల జీతమో ఇవ్వాలి. అన్యాయమనిపిస్తే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. మహిళలైతే లైంగిక వేధింపుల చట్టం కూడా ఉంది. పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ, లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఫిర్యాదు తీసుకోవాలి. వేధించింది మరో మహిళ అయినా ఫిర్యాదు చెల్లుతుందని కలకత్తా హైకోర్టు 2020లో చెప్పింది. న్యాయసహాయానికి 15100కు ఫోన్ చెయ్యవచ్చు.

గల్ఫ్‌కు వెళ్లే వాళ్లకు ఇవేవీ వర్తించవు. సౌదీ, కువైట్, ఖతర్, యూఏఈలలో స్వలింగ సంబంధం ఇంకా నేరమే. అక్కడ క్యాంపు గదిలో తోటి తెలుగువాడికైనా చెప్పే ముందు, ఫోన్‌లో డేటింగ్ యాప్ ఉంచుకునే ముందు వందసార్లు ఆలోచించండి.

చట్టం గెలిపించినా మనిషి ఒంటరిగా మిగిలిపోతే ఏమవుతుందో అలీగఢ్ చూపించింది. అక్కడి ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి కెమెరాలతో చొరబడ్డారు. స్వలింగ సంబంధం ఉందన్న కారణంతో 2010 ఫిబ్రవరిలో ఆయనను సస్పెండ్ చేశారు. ఏప్రిల్ 1న హైకోర్టు ఆ సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె ఇంట్లో శవమై కనిపించారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ ఆరు రోజులే గుర్తొస్తాయి. గుండె భారంగా ఉన్నప్పుడు, నిద్ర పట్టనప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. "మార్పిస్తాం" అనే డాక్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇలాంటి "వైద్యం" చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది.

ఇక పక్క సీటులో ఉన్నవారికి ఒక మాట. గ్రూపులో ఆ క్లిప్పు పడినప్పుడు మీరు పెద్ద ప్రసంగం చెయ్యనక్కర్లేదు. "ఇది తీసెయ్యిరా, బాగలేదు" అని ఒక్క లైను రాయండి. మర్నాడు అతన్ని ఎప్పటిలాగే టీకి పిలవండి. సంస్థ నడిపేవారికి ఇంకో మాట. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేర్చుకున్నారు. అంత పెద్ద శాఖ చేయగలిగినప్పుడు మీ మిల్లులో, మీ స్కూల్లో, మీ ఆస్పత్రిలో చేయలేనిదేమీ లేదు. ఎవరినైనా వాళ్ల పుట్టుకను, ప్రేమను పట్టుకుని వెక్కిరిస్తే చర్య తప్పదని, ఫిర్యాదు ఫలానా వారికి ఇవ్వాలని నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి, కింద మీ సంతకం పెట్టండి.