మడిగెగా మారిన ఇల్లు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో ఇటుక గృహాల రూపాంతరం

హైదరాబాద్-విజయవాడ రహదారిపై మలక్‌పేట దాటిన తరువాత కనిపించే దుకాణాలలో కొన్ని దుకాణాలుగా పుట్టినవి కావు. బోర్డుకు పైన చూపు నిలిపితే సిమెంటు జాలీ, చజ్జా, బాల్కనీ కనిపిస్తాయి. ఇల్లు అంగడిగా మారిన క్రమానికి ఈ పై అంతస్తే ప్రధానమైన ఆధారం.

ఇల్లు, అంగడి ఒకే కప్పు కింద ఉండటం ఈ నగరానికి కొత్త కాదు. 1908 నాటి మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలంలో రూపుదిద్దుకొన్న పత్తర్‌గట్టీలో కింద మడిగెలు, పైన నివాసాలు ఉండేవి. తెలంగాణ వాడుకలో మడిగె అంటే బజారు వైపు తెరచుకొనే దుకాణపు గది. అక్కడి కమానులు అంగడి కోసమే కట్టినవి. దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరు మీదుగా వెలసిన దిల్‌సుఖ్‌నగర్ మాత్రం నివాస కాలనీగా మొదలైంది.

ఇటువంటి కాలనీల పాత ఇళ్లలో స్లాబు భారాన్ని మోసేది స్తంభం కాదు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. మార్పు సాధారణంగా ముంగిలితో ఆరంభమవుతుంది: ప్రహరీ తొలగి రేకులు లేస్తాయి. తరువాత వరండా గదిగా మారుతుంది. చివరకు ముందుగది గోడనే కోస్తారు. తొలి రెండు దశలలో పోయేది ఖాళీ స్థలం, మూడవ దశలో పోయేది ఆధారం. మూడడుగుల ద్వారం పదడుగుల షట్టరు అయినప్పుడు పై భారమంతా ఇరువైపులా మిగిలిన సన్నని గోడ ముక్కలపై పడుతుంది. ఇటుక కట్టుబడి ఒత్తిడిని భరిస్తుంది కాని వంపును భరించలేదు. అందువలన ఇనుప దూలం తప్పనిసరి. దూలం చివరల కింద కాంక్రీటు దిమ్మె లేకపోతే అక్కడి ఇటుక నలుగుతుంది, షట్టరు మూలల నుండి ఏటవాలు పగుళ్లు పాకుతాయి. ద్వారాలు, కిటికీలు వీలైనంత చిన్నవిగా, గోడ మూలలకు దూరంగా ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4326 నిర్దేశిస్తుంది. గోడ చివరి వరకు విస్తరించిన షట్టరు ఈ రెంటినీ ఒకేసారి ఉల్లంఘిస్తుంది. ముఖభాగంపై పరిచిన ఏసీపీ షీటు పగులును కంటికి అందనీయదు. అసలు ప్రమాదం ఇదే.

2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ఆరంభమైంది. స్తంభాలపై సాగే ఈ మార్గం వలన పై అంతస్తు ప్రయాణికుల కంటికి ఎదురైంది, అంటే ప్రకటనకు యోగ్యమైంది. జాలీని, చజ్జాను హోర్డింగు కప్పివేయకముందే కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయవలసి ఉంది. ఆ నమోదులో ముఖభాగం ఒక్కటే చాలదు. కింది భాగం అద్దెకు పోయిన ఇంట్లో వెలుపల కొత్తగా అమర్చిన ఇనుప మెట్లు, ముంగిలి నుండి డాబా పైకి చేరిన తులసికోట కూడా చేరాలి.