కణములకు తొలకరి యెక్కడనుండి?

ముదిగుబ్బ ప్రాంతమున సేద్యమనగా నిరీక్షణము. ధర్మవరమునుండి పాకాలకు పోవు రైలుమార్గముపై నున్న యీ యూరిచుట్టును ఎఱ్ఱని పలుచని నేలలు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే అనంతపురపు మెట్టభూములకు దక్కిన వాటా. అదియైనను అదనున గురిసెనా వేరుసెనగ నిలుచును. వెనుకబడెనా పెట్టిన పెట్టుబడి మంటిలో గలియును. 2022లో ఈ మండలము అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లాకు మాఱినది కాని, జిల్లాల సరిహద్దులు మేఘములకు తెలియవు.

ఇటీవల ఆ గ్రామమున నొక పెద్దరైతు ఇంటి యరుగుపై గూర్చుండి మేము వానలనుగూర్చి మాటలాడుచుండగా, ఆయన తమలపాకునకు సున్నము రాయుచు, మే మెన్నడు నెదురుచూడని ప్రశ్నలు వేసెను. ఆయన మనుమరాలు హైదరాబాదులో నొక పరిశోధనాలయమున పనిచేయుచున్నది. గాజుపాత్రలలో మానవకణములను బెంచుట యామె పని. నాలుగు నెలలుగా సాకుచున్న కణములు చెడిపోయినవని మొన్న ఫోనులో నేడ్చినదట. కారణమేమన, సముద్రము దాటి రావలసిన యొక చిన్న సీసా సకాలమునకు రాలేదు.

"వాన రాక మా చేను ఎండేది మామూలే సామీ. నీడపట్టున, కరెంటు మిషన్ల నడుమ పెంచే పైరుకు గూడా అదను తప్పేదేమి? ఆ సీసాలో ఏముంది? దాన్ని మనోళ్లు చేయలేరా?" అని ఆయన యడిగెను.

మూడవ ప్రశ్న మమ్ము చాల దినములు విడువలేదు. దానికి సమాధానము చెప్పవలయుననిన మొదటి రెండును చెప్పక తీరదు.

మన శరీరము కోట్లకొలది కణముల సముదాయము. క్రొత్త మందును మనుష్యునిపై ప్రయోగించుటకు ముందు గాజుపాత్రలోని కణములపై పరీక్షింతురు; కణములలో వైరసులను బెంచి టీకాలు చేయుదురు; కాలిన చర్మమునకును చెడిన కంటికిని క్రొత్త కణములను బెంచి యతుకుదురు. వీనికి ఆహారముగా లవణములు, చక్కెర, అమైనో ఆమ్లములు, విటమినులు కలిపిన ద్రవము నిత్తురు. భీమవరమున 1895లో జన్మించి, 1948లో అమెరికాలో గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో కృత్రిమముగా సిద్ధపఱచిన ఫోలిక్ ఆమ్లము నేడు ఇట్టి ద్రవములలో సాధారణముగా నుండు దినుసు. ప్రపంచమున ఏ మూల కణములు పెరుగుచున్నను ఆ తెలుగువాని శ్రమ కొంత యందు గలిసియే యున్నది.

కాని ఆహారమొక్కటి చాలదు. పదును లేని దుక్కిలో ఎంత యెరువు వేసినను విత్తు మొలకెత్తదు. కణము రెండగుటకు బయటినుండి యొక యాజ్ఞ రావలయును. ఆ యాజ్ఞను మోసికొనివచ్చు చిన్న మాంసకృత్తులకే వృద్ధికారకములని పేరు. కణముపై వానికొఱకు తాళములవంటి గ్రాహకములు గలవు. తగిన చెవి తగిన తాళమున బడగానే లోపలికి వార్త ప్రాకి కణము విభజనకు సిద్ధమగును. ఆ వార్త రానిచో కణము తిండి యెదుట నుండియు సోమరియై యుండి, తుదకు క్షీణించును. వృద్ధికారకము ఎరువు కాదు, తొలకరి.

చిరకాలము ఈ కారకములకై శాస్త్రజ్ఞులు పశువుల రక్తరసముపై నాధారపడిరి. వధశాలలో చంపబడిన చూడియావు కడుపులోని దూడ రక్తమునుండి తీయు రసము నేటికిని విరివిగా వాడుకలోనున్నది. ఈ మాట విని మా రైతు చేతిలోని తమలపాకును పళ్లెమున బెట్టివేసెను. ధర్మాధర్మముల మాట యటుంచినను, శాస్త్రదృష్టిచేతనే ఇందొక లోపము గలదు. ఒక పర్యాయము తీసిన రసము వేఱొక పర్యాయము తీసిన దానివలె నుండదు. అందేవి యెంత యున్నవో ఎవ్వరికిని పూర్తిగా తెలియదు. తెలియనిదానిపై కట్టిన ప్రయోగఫలమును ఎంతవఱకు నమ్మనగును? కావున కారకములను వేఱువేఱుగ శుద్ధపఱచి, కొలతప్రకారము కలుపు పద్ధతి యేర్పడెను.

వీని నాచూకి కనిపెట్టిన కథ వినదగినది. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము 1938లో యూదులపై శాసనములు చేసినపుడు రీటా లెవీ-మోంటాల్చీని యను యువతికి విశ్వవిద్యాలయమున పనిచేయు హక్కు పోయినది. ఆమె ట్యూరిన్ నగరమున తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకొని, కోడిగ్రుడ్లలోని పిండములను పరీక్షించుచు నాడులు పెరుగు తీరును శోధించెను. యుద్ధానంతరము అమెరికాకు బోయి, అచ్చట స్టాన్లీ కోహెన్ తో గలిసి నాడుల వృద్ధికారకమును వెల్లడించెను. ఆ పరిశోధనలోనే కోహెన్ ఒక వింత గమనించెను. ఎలుక లాలాజలగ్రంథుల రసమును అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు ఎక్కింపగా, రెండు వారములకు గాని తెఱువని కనుఱెప్పలు వారము దినములకే తెఱచుకొన్నవి. మఱియొకడు పొరపాటని త్రోసివేసి యుండును, ఆయన త్రోసివేయలేదు. ఆ రసమునుండి వెలికివచ్చినదే చర్మకణముల వృద్ధికారకము, ఈ.జి.ఎఫ్. అని దాని పొట్టిపేరు. వారిరువురకును 1986లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఎలుకలను చంపి గ్రంథుల బిండుచు కూర్చున్న ఎన్ని పరిశోధనాలయములకు సరిపోవును? అందును మానవకారకము మానవునినుండియే రావలయునుగదా. ఈ చిక్కును విడదీసినది జన్యుశాస్త్రము. 1973లో మఱియొక స్టాన్లీ కోహెన్ (ఈయనకును ఆయనకును పేరే యొకటి, మనుష్యులు వేఱు), హెర్బర్ట్ బోయర్ అనువారును కలిసి ఒక జీవియొక్క జన్యుభాగమును బాక్టీరియాలో నతికి, అందు వృద్ధిచేయవచ్చునని చూపిరి. మన తోటలలో నాటుమొక్కకు మేలుజాతి కొమ్మ నంటుగట్టుటవంటి దిది. అంటుగట్టబడిన బాక్టీరియా ఇరువది నిమిషముల కొకతూరి రెండగుచు, తనకేమియు పనికిరాని మానవ మాంసకృత్తును తయారుచేసి పెట్టును. ఈ మార్గముననే తయారైన మానవ ఇన్సులిను 1982లో అమెరికాలో మందుగా అంగీకారము పొందినది.

చెప్పుట సులభము, చేయుటలో కష్టమున్నది. మానవ ఈ.జి.ఎఫ్. కేవలము 53 అమైనో ఆమ్లముల గొలుసు. కాని యా గొలుసు మూడుచోట్ల గంధకపు ముడులతో సరిగా ముడుచుకొన్నప్పుడే కణము దానిని గుర్తించును. బాక్టీరియాలో నది తఱచుగా ముడిపడక ముద్దకట్టును. ఆ ముద్దను కరగించి, గొలుసును విప్పి, మరల మెల్లగా ముడుచుకొనునట్లు చేయవలయును. పిదప బాక్టీరియాగోడలనుండి వచ్చు విషమును లేశమైన లేకుండ తొలగింపవలయును. తుదకు, తూకముచేత గాక, కణములపై వేసి అవి పెరిగినవా లేవా యని చూచి విలువ కట్టవలయును. ఎఫ్.జి.ఎఫ్.-2 అను వేఱొక కారకము మఱింత సుకుమారి. కణములు పెరుగు 37 డిగ్రీల వెచ్చదనమున నొక దినములోనే చాలవఱకు శక్తి కోల్పోవును. అందువలననే మూలకణములను బెంచువారు ప్రతిదినమును ద్రవము మార్చుచుందురు. ఇట్టి పైరునకు ఒక తడి తప్పిన నేమగునో ముదిగుబ్బవారికి వేఱుగా చెప్పవలయునా?

కావలసిన మొత్తమో అత్యల్పము. ఒక మిల్లీలీటరు ద్రవమున ఈ.జి.ఎఫ్. సాధారణముగా 10 నానోగ్రాములు చాలును. నానోగ్రామనగా గ్రామునందు నూఱుకోట్లవ వంతు. ఈ లెక్కను ఒక మిల్లీగ్రాము నూఱు లీటర్ల ద్రవమునకు సరిపోవును. వేరుసెనగపప్పు ఒకటి అరగ్రాము తూగుననుకొన్నచో, పప్పంత ఈ.జి.ఎఫ్. ఏబదివేల లీటర్లకు చాలును! తూకమునకు తూకము చూచిన బంగారముకంటె నెన్నో రెట్లు ప్రియమైన వస్తువు. దానిని మన విశ్వవిద్యాలయములు మిల్లీగ్రాములలోను, అంతకంటె తక్కువగను, చాలవఱకు విదేశములనుండియే తెప్పించుకొనుచున్నవి. 2020 మార్చిలో అంతర్జాతీయ ప్రయాణిక విమానములు నిలిచినపుడు ఈ పరాధీనత యెట్టిదో పరిశోధకు లెల్లరును ఎఱిగిరి.

ఇక రైతు మూడవ ప్రశ్న. మనవారు చేయలేరా? చేసిరి. నెల్లూరు ప్రాంతపు కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో తల్లి శాంతమ్మగారి పేర శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించి, మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, పిదప సి.సి.ఎం.బి.యందును ఆశ్రయము పొంది, జన్యుమార్గమున హెపటైటిస్-బి టీకాను 1997లో వెలువరించిరి. వందల రూపాయల విదేశపు టీకా యెదుట పదుల రూపాయల స్వదేశపు టీకా నిలిచినది. ఆ సంస్థయే 2009లో ఫ్రెంచి సనోఫీ చేతికి బోయినదనుట గూడ చెప్పకున్న కథ సగమే యగును. కాని విద్య యిచ్చటనే మిగిలినది. అంతకంటె మన విషయమునకు దగ్గఱగా, సేద్యపు కుటుంబమున జన్మించిన కృష్ణ ఎల్లగారు 1996లో హైదరాబాదున స్థాపించిన భారత్ బయోటెక్ వారు మానవ ఈ.జి.ఎఫ్.నే తయారుచేసి, మధుమేహరోగుల కాలిపుండ్లకు పూయు మందుగా రీజెన్-డి యను పేర విక్రయమునకు దెచ్చిరి. చిట్టెలుకల కనుఱెప్పలను తెఱిపించిన యా పదార్థమే మన రైతుల కాలిపుండ్లను మాన్పు మందై హైదరాబాదున తయారైనదన్నమాట.

కంటికిని అది యుపకరించినది. మా రైతు చేతిలోని సున్నమును జూడుడు. బజారున నమ్ము సున్నపు పొట్లమును పిల్లలు ఆటగా నొక్కగా అది పగిలి కన్నులలో జిమ్ముట మన దేశమున తఱచుగా జరుగు ఘోరము. సున్నము కార్నియా యంచుననుండు మూలకణములను దహించును. అటుపిమ్మట కంటిపై తెల్లని పొర క్రమ్మి చూపు పోవును. అట్టివారికై హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు 2001 నుండి యొక చికిత్స జరిపిరి. బాగుగనున్న రెండవ కంటి యంచునుండి గోటికొన యంత ముక్కను తీసి, ప్రసవమైన తల్లులు దానమిచ్చిన ఉమ్మనీటి పొరపై నుంచి, సుమారు రెండు వారములు పెంచి, చెడిన కంటిపై నాటుదురు. దూడ రక్తమును వారు ముట్టలేదు. రోగియొక్క స్వంత రక్తరసమును, జన్యుమార్గమున సిద్ధమైన మానవ ఈ.జి.ఎఫ్.ను, ఇన్సులినును వాడిరి. 200 కన్నులకు జరిపిన యీ చికిత్సలో నూటికి 71 సఫలమైనవని 2011లో ప్రకటించిరి. ఆ మఱుసటి యేడు డాక్టరు వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులును ప్రయోగశాల యక్కఱయే లేకుండ, ముక్కలను నేరుగా కంటిపై నమర్చి యచ్చటనే పెరుగనిచ్చు సులభమార్గమును గూడ వెల్లడించిరి. కన్ను తనకు వలయు కారకములను తానే యిచ్చుకొనును! కాని పరిశోధనాలయపు గాజుపాత్రకు ఆ శక్తి లేదు. దానికి సీసా రావలసినదే.

అట్లైన సీసాలపై విదేశనామములే యేల యెక్కువ? మందునకు లక్షల కొనుగోలుదార్లు గలరు, పరిశోధకులు వేలే. పెద్ద సంస్థకు ఈ చిల్లరబేరము గిట్టదు. పాత్రలు, పనివారు, విద్య అన్నియు నుండియు చేయకపోవుటకు ఇది యొక కారణము. రెండవది మన పరిశోధకుల సంశయము. ఫలితములను ప్రకటించునపుడు ప్రతి పదార్థమును ఎచ్చట కొన్నదియు వ్రాయవలయును. ఎఱుగని పేరు కనబడిన పరీక్షకులు ప్రశ్నింతురేమో యని వారి భయము. ఈ భయమును ఉత్త దాస్యబుద్ధియని నిందించుట మాకు సమ్మతము గాదు. ఒక విడత బాగుండి మఱియొక విడత పాడైన సరకు, దేశవాళిదైనంత మాత్రమున, నాలుగు నెలల శ్రమను బలిగొనుటకు అర్హత సంపాదింపదు. స్వదేశి పేర నాసిసరకు నంటగట్టువాడు స్వదేశికే శత్రువు.

మన దేశమున కొన్ని చిన్న సంస్థలు ఇప్పటికే యీ పనికి పూనుకొన్నవి. వానికి వలసినది నినాదము గాదు, పరీక్ష. ప్రభుత్వ పరిశోధనాలయ మొకటి ప్రతి విడత సీసాలను తీసికొని, విదేశపు సీసాతో ప్రక్కప్రక్కన కణములపై వేసి చూచి, ఫలితమును బాగున్నను బాగులేకున్నను ప్రకటించుచుండిన, సంశయము దానంతట తీఱును. అనంతపురమునందలి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమువంటి చోట్ల చదువు విద్యార్థులకు కొద్ది వెలకు కారకములు దొరకినచో, కణములను బొమ్మలలో గాక కంటితో జూచి నేర్చుకొందురు. ఏబదివేల లీటర్లకు పప్పంత చాలునన్నప్పుడు ఇందులకు మహాకర్మాగారము లక్కఱలేదు. శ్రద్ధగల పదిమంది, నమ్మదగిన యంత్రములు, తప్పును దాచని తూకము కావలయును.

ఈ లెక్క చెప్పినపుడు రైతు లోపలికిబోయి కాయ యొకటి తెచ్చి యొలిచి, పప్పును అరచేత బెట్టుకొని చాలసేపు చూచెను. "ఇంతదానికా మా పిల్ల ఏడ్చింది?" అనెను. ఆమె మరల క్రొత్త కణములను నాటినదట. రెండవ సీసాకు ఆర్డరు వ్రాసి అప్పటికి నాలుగు వారములైనది.