చిన్న ఫ్యూజు – పెద్ద కాపలా

కడప నుంచి రాజంపేటకు పోయే దారిలో ఒంటిమిట్ట ఉంది. అక్కడి కోదండరామస్వామి గుడి చాలా పేరున్న గుడి. శ్రీరామనవమి ఉత్సవాల్లో ఇక్కడ స్వామి కళ్యాణం రాత్రిపూట జరుగుతుంది. వెన్నెల్లో జరిగే పెండ్లి ఇది. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ రాత్రి జీపులు, ఆటోలు, బాడుగ కార్లు తెల్లవార్లూ తిరుగుతాయి.

ఆ ఊళ్లో బాడుగ కారు నడిపే ఒకతను ఉన్నాడనుకోండి. కారు పాతది. అప్పు చేసి కొన్నాడు. ఆ కారే ఇంటిల్లిపాదికీ కూడు పెడుతోంది. కళ్యాణం దగ్గర పడింది. రాత్రి బాడుగలు ఎక్కువగా వస్తాయి. అందుకని కారు ముందర ఇంకో రెండు లైట్లు పెట్టించాలనుకున్నాడు. పాటల పెట్టె, సెల్లు చార్జరు కూడా కావాలనుకున్నాడు.

షెడ్డులో పిల్లోడు అన్నాడు: "ఏముందన్నా! బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి, మూడూ దానికే ఇచ్చేస్తా. అరగంట పని."

అరగంటలో పని అయిపోయింది. లైట్లు బాగా వెలిగాయి. పాటలు కూడా పెట్టేసరికి ఫ్యూజు పోయింది. డ్రైవరు అంగట్లో ఇంకో ఫ్యూజు కొని తెచ్చి పెట్టాడు. అది పోలేదు. సమస్య తీరిందనుకున్నాడు.

రెండు రోజుల తర్వాత భార్యతో కలిసి కారులో వస్తున్నాడు. దారిలో ఆమె అంది: "ఏమయ్యా, ఏదో కాలిన వాసన వస్తాంది. బండి ఆపు."

బండి ఆపి, తాళం తిప్పేసి, బానెట్టు ఎత్తి చూశారు. కొత్త వైరు మీది ప్లాస్టిక్కు మెత్తబడి ఉంది. ఇంకొంచెం దూరం పోయి ఉంటే ఏమయ్యేదో!

మరుసటి రోజు అనుభవం ఉన్న ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయారు. ఆమె పాత ఫ్యూజును, కొత్త ఫ్యూజును అరచేతిలో పెట్టి చూపించింది. రాత్రి బడిలో ఆమె అంకెలు నేర్చుకుంది.

"అన్నా, ఈ ఎర్రదాని మీద 10 అని ఉంది. ఈ ఆకుపచ్చదాని మీద 30 అని ఉంది. రెండూ ఒకటేనా?"

"కాదమ్మా. ముందే ఆ అంకె చూసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఫ్యూజు ఏం చేస్తుంది?

చెరువు నుంచి కాలువలో నీళ్లు పారతాయి. అట్లాగే బ్యాటరీ నుంచి వైరులో కరెంటు పారుతుంది. సన్న కాలువలోకి ఎక్కువ నీళ్లు వదిలితే గట్టు తెగుతుంది. సన్న వైరులో ఎక్కువ కరెంటు పోతే వైరు కాగుతుంది. దాని మీది ప్లాస్టిక్కు కరుగుతుంది. లోపలి రాగి బయటపడి బండి ఇనుముకు తగిలితే షార్టు అవుతుంది. నిప్పు పుడుతుంది. ఇంజను దగ్గర నూనె, పెట్రోలు ఉంటాయి. ఒక్క నిప్పు చాలు, కారు కాలిపోవడానికి.

ఫ్యూజు లోపల సన్నని లోహపు పట్టీ ఉంటుంది. కరెంటు హద్దు దాటితే అది కరిగి తెగిపోతుంది. కరెంటు ఆగిపోతుంది. తాను పోయి వైరును కాపాడుతుంది. కాబట్టి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది వైరును. వైరు ఎంత కరెంటు మోయగలదో, ఫ్యూజు అంకె అంతకు మించకూడదు.

పాత అంబాసిడర్ కార్లలో గాజు గొట్టం ఫ్యూజులు ఉండేవి. ఇప్పటి కార్లలో రెండు కాళ్ల ప్లాస్టిక్కు ఫ్యూజులు ఉంటాయి. వాటి మీద అంకె ఉంటుంది. అది ఆంపియర్ల లెక్క. రంగు కూడా గుర్తే. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

లెక్క ఎట్లా వేయాలి?

కారు బ్యాటరీ 12 వోల్టులు. వస్తువు మీద రాసిన వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

55 వాట్ల లైట్లు రెండు అంటే 110 వాట్లు. 12తో భాగిస్తే 9 ఆంపియర్ల పైన వస్తుంది. పాటల పెట్టె 60 వాట్లు అయితే 5 ఆంపియర్లు. చార్జరు 24 వాట్లు అయితే 2 ఆంపియర్లు. మొత్తం 16 దాటింది.

డ్రైవరు కారులో మొదట ఉన్నది 10 ఆంపియర్ల ఫ్యూజు. లైట్లకు మాత్రం అది ఆగింది. పాటలు కూడా పెడితే పోయింది. అది ఫ్యూజు తప్పు కాదు. తన పని తాను చేసింది. 30 పెట్టడంతో ఫ్యూజు ఆగింది, వైరు కాగింది.

దారులు వేరు చేయాలి

ఎలక్ట్రీషియన్ ఆ సన్న వైరు పీకేశాడు. విడిగా ఒక ఫ్యూజు బాక్సు పెట్టాడు. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు తీసినట్టే ఇది. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వైరు, ఒక్కొక్క ఫ్యూజు. ఒకటి పోయినా మిగతావి పనిచేస్తాయి.

అతను పని చేసిన వరస ఇది:

1. ఇంజను ఆపి, బ్యాటరీ మైనస్ వైరును ముందుగా విప్పాడు. ప్లస్ ముందు విప్పితే, స్పానరు బండి ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

2. బ్యాటరీ ప్లస్ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల మందం వైరు తీశాడు. బ్యాటరీకి జానెడు లోపలే దానికి 30 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు పెట్టాడు. అది దూరంగా ఉంటే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరుకు కాపలా ఉండదు.

3. ఫ్యూజు బాక్సును ఇంజను వేడి, వాన నీళ్లు తగలని చోట బిగించాడు. కడప ఎండల్లో బానెట్టు కింద వేడి మరీ ఎక్కువ.

4. లైట్లకు 2.5 వైరు, 15 ఫ్యూజు పెట్టాడు. పాటల పెట్టెకు 1.5 వైరు, 10 ఫ్యూజు. చార్జరుకు 1 వైరు, 5 ఫ్యూజు.

5. లైట్లకు రిలే పెట్టాడు. స్విచ్చిలో కొద్ది కరెంటే పోతుంది. ఎక్కువ కరెంటును రిలే మోస్తుంది. స్విచ్చి వైరును తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కలిపాడు. లైట్లు ఆపడం మరిచిపోయినా బ్యాటరీ దిగిపోదు.

6. ఎర్తు వైర్లు బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించాడు.

7. వైరు ఇనుప రేకు రంధ్రంలోంచి పోయే చోట రబ్బరు వాషరు పెట్టాడు. లేకుంటే రేకు అంచు వైరును కోస్తుంది.

8. ఫ్యూజులన్నీ చివర పెట్టి, మైనస్ వైరు బిగించి, ఒక్కొక్కటే వేసి చూశాడు.

చేయకూడని పనులు

ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టకూడదు. రాగి తీగ కట్టకూడదు. పెద్ద అంకె ఫ్యూజు పెట్టకూడదు. అదే అంకెది పెట్టాలి. అది కూడా పోతే ఎక్కడో తప్పు ఉంది. దాన్ని వెతికించాలి. కొత్త కారు అయితే కంపెనీ వైర్లు కోయక ముందు వారంటీ కాగితం చదవాలి. లైట్లు ఎదుటివాళ్ల కండ్లకు కొట్టకుండా కిందికి తిప్పాలి.

పని అయ్యాక డ్రైవరు భార్య ఒక కాగితం ముక్క తీసుకుంది. "లైట్లు 15, పాటలు 10, చార్జరు 5" అని రాసింది. దాన్ని ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించింది.

"ఇంక ఎవరు మార్చినా ఇది చూసి మార్చాల" అంది.

కళ్యాణం రాత్రి ఆ కారు తెల్లవార్లూ తిరిగింది. కాలిన వాసన రాలేదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంటి బండిలో ఫ్యూజు బాక్సు ఎక్కడ ఉంది? మూత తీసి అంకెలు చదవండి.

2. 36 వాట్ల లైటు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది?

3. ఫ్యూజు పదే పదే పోతుంటే ముందు ఏం చేయాలి?